ఏమీ పడలేదన్న నక్క

వాగు ఒడ్డున ఓ ముసలి చింతచెట్టు. దాని మీద నలభై కొంగ గూళ్ళు. గూట్లోంచి ఏదైనా జారితే ఆ తల్లే ముక్కుతో పట్టుకునేది. తల్లి చూడకపోతే పక్క గూటివాళ్ళు పట్టుకునేవాళ్ళు. ఎవరికీ దొరక్కుండా జారిన వాటి కోసం చెట్టు కింద చుట్టూరా ఓ పాత చేపల వల కట్టి ఉండేది.

ఆ వలకి కాపలా తీతువు పిట్ట. చిన్న పుల్ల పడినా చాలు, "తూర్పు కొమ్మ! మూడో గూడు! పుల్ల పడింది!" అని గొంతు చించుకునేది.

"పుల్లకే ఇంత గోలా? పిల్లలు ఉలిక్కిపడుతున్నారు!" అని కొంగలు విసుక్కున్నాయి.

"పుల్ల ఊరికే పడదమ్మా. పైన ఏదో కదిలితేనే పడుద్ది."

ఎవరూ వినలేదు. దాన్ని వాగు అవతలికి తరిమేశాయి. నక్క వచ్చి పెద్దకొంగకి వంగి దండం పెట్టింది.

"ఆ పని నాకివ్వండి పెద్దయ్యా. చప్పుడన్నదే లేకుండా చూసుకుంటా."

అన్నట్టే చూసుకుంది. చేప పడితే మింగేసేది. పుల్లా బెరడూ పడితే వాగులో పారేసేది. సాయంత్రం పెద్దకొంగ అడిగితే ఒకటే మాట: "ఏమీ పడలేదు పెద్దయ్యా. చెట్టు చల్లగా ఉంది."

తూర్పు కొమ్మ మూడో గూటిలో ఓ చిన్నకొంగ ఉండేది. ఇద్దరు పిల్లలు, ఇంకా రెక్కలు రాలేదు.

"పెద్దయ్యా, మా గూడు ఊగుతున్నట్టుంది."

"నక్క ఏమీ పడలేదంటోందిగా. తొలికాన్పు కదా, అన్నీ భయాలే నీకు."

చిన్నకొంగకి మనసొప్పలేదు. నలభై గూళ్ళు, అన్నిట్లో పిల్లలు. నక్క కాపలాకి వచ్చిన ఈ మూడు రోజుల్లో ఒక్క పుల్లైనా జారలేదా? ఏమీ పడకపోవడం వేరు, పడింది చెప్పకపోవడం వేరు. మర్నాడు పొద్దున్నే కావాలనే ఓ చేపని వలలోకి వదిలింది.

సాయంత్రం నక్క వచ్చింది. "ఏమీ పడలేదు పెద్దయ్యా."

"పొద్దున కొర్రమీను నేనే పడేశా మావా. ఇంతది," అంది చిన్నకొంగ.

నక్క మూతి తుడుచుకుంది. "ఒక్క చేపకి ఇంత రాద్ధాంతమా అమ్మాయ్?"

"చేప పోతే పోనీ. ఇంకేం పడ్డాయి? ఏ కొమ్మ నుంచి?"

అప్పటికే నలభై ముక్కులు చుట్టూ చేరాయి. నక్క నీళ్ళు నమిలింది. "పుల్లలు... బెరడు పెచ్చులు... మూడు రోజుల్నుంచీ తూర్పు కొమ్మవే. మిమ్మల్ని కంగారు పెట్టడమెందుకని..."

వెళ్ళి చూస్తే కొమ్మ మొదట్లో ముక్కు దూరేంత పగులు.

"ఆ కొమ్మ ఖాళీ చెయ్యండి. ఇక దాని మీద ఎవరూ వాలొద్దు," అంది పెద్దకొంగ. "మిగతా కొమ్మలవాళ్ళు మీ పని మీరు చూసుకోండి."

చీకటి పడేలోగా ఆ కొమ్మ మీది పిల్లలందర్నీ పక్క కొమ్మలకి చేర్చారు. తెల్లారేసరికి తూర్పు కొమ్మ ఫెళ్ళున విరిగి, వలని చీల్చుకుని నేలకూలింది. దాని కింద నలిగినవి ఖాళీ గూళ్ళే. నక్క అప్పటికే వాగు దాటేసింది, వీపు నిండా ముక్కు పోట్లతో.

చిన్నకొంగ వెళ్ళి తీతువుని పిలిచింది. "రా అత్తా. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా అరువు."

తీతువు చిరిగిన వల వంక చూసింది. "అరుస్తాలే. ముందు దీన్ని కట్టండి."

కంప్యూటర్ ప్రోగ్రాములోనైనా అంతే: ఎవరూ పట్టుకోని తప్పుని ఆఖర్న పట్టుకునేవాడు దాన్ని మింగకూడదు, ఎక్కణ్ణుంచి పడిందో అరిచి చెప్పాలి.