పురిటిగదిలో గండుపిల్లి

పిల్లిపిల్ల కావాలని పొద్దుట్నించీ ఇల్లు పీకి పందిరేశావు కదా, ఇలా రా. దిండు ఇటు పెట్టుకో, దుప్పటి కప్పుకో. ఒక పిల్లి కథ చెప్తాను. ఊఁ కొడుతూ వింటేనే సుమా. కథ అయ్యాక కూడా నీకు పిల్లి కావాలనిపిస్తే మీ అమ్మని నేనే అడుగుతాను.

అనగనగా ఒక ఏరు, ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊరినిండా చింతచెట్లే. ఏటా తొలకరి చినుకులు పడగానే ఎక్కడెక్కడి తెల్లకొంగలూ వచ్చి ఆ చెట్ల మీద వాలేవి. గూళ్ళు కట్టుకుని, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని, చలి మొదలయ్యాక ఎగిరిపోయేవి.

ఆ ఊరివాళ్ళకి అవి ఉత్త కొంగలు కావు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు. మొదటి కొంగ ఏ చెట్టు మీద వాలితే ఆ చెట్టు మొదలుకి పసుపు రాసి కుంకుమ పెట్టేవాళ్ళు. అవి తిరిగి వెళ్ళేదాకా ఊళ్ళో డప్పు మోగేది కాదు, టపాకాయ పేలేది కాదు. ఆ నెలల్లో పెళ్ళి కుదిరితే పెళ్ళివారు మేళాన్ని పొలిమేరలోనే ఆపేసి, చప్పుడు చెయ్యకుండా నడిచొచ్చేవారు. పైనుంచి రెట్ట పడి కొత్త పట్టుచీర పాడైనా ఎవరూ విసుక్కునేవారు కాదు.

కొంగలు పొలాల్లో పురుగుల్ని ఏరుకు తినేవి. వాటి రెట్ట ఎరువయ్యేది. అందుకని ఆ ఊళ్ళో వరి బాగా పండేది. కానీ వాళ్ళ గర్వం వరి గురించి కాదు. ఇన్ని ఊళ్ళుండగా ఇన్ని పిట్టలు మన ఊరినే నమ్ముకుని వచ్చాయే, అదీ వాళ్ళ గర్వం. మీదే ఊరని ఎవరైనా అడిగితే, "కొంగల పుట్టిల్లు" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాళ్ళు.

ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. పిల్లాపీచూ లేరు. భర్త ఎప్పుడో పోయాడు. ఆవిడకి ఉన్నవల్లా పెరట్లో ఒక పెద్ద చింతచెట్టు, ఒళ్ళో ఒక పిల్లి. చెట్టంటే మామూలు చెట్టు కాదు. వాళ్ళ అత్తగారి రోజులనుంచీ మొదటి కొంగ వాలేది దాని మీదే. ఊళ్ళో తొలి పసుపు దానికే. మరి పిల్లంటావా, అదీ మామూలుది కాదు. ఎర్ర చారల గండుపిల్లి. తోక పైకెత్తి అది వీధిలో నడుస్తుంటే కుక్కలు పక్కకి తప్పుకునేవి. అందుకని ఆవిడ దానికి జమీందారు అని పేరు పెట్టుకుంది.

అచ్చియ్యమ్మకి ఆ పిల్లంటే పంచప్రాణాలు. పాలన్నం పెట్టేది, ఎండుచేప పెట్టేది. అది సుబ్బరంగా తిని, మూతి తుడుచుకుని, షికారుకి పోయేది. కడుపు నిండిన పిల్లి వేటకెందుకు పోతుంది అని ఆవిడ అనుకునేది. పోతుంది తల్లీ. పిల్లికి ఆకలి వేరు, వేట సరదా వేరు.

ఒక ఏడాది వానాకాలంలో, పొద్దున్నే తలుపు తీసేసరికి గడప దగ్గర ఒక కొంగపిల్ల పడి ఉంది. ప్రాణం లేదు. పక్కనే జమీందారు, నీకోసమే తెచ్చాను చూడు అన్నట్టు కూర్చుంది. అచ్చియ్యమ్మ దాన్ని చేతుల్లోకి తీసుకుంది. గూట్లోంచి జారి పడి ఉంటుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. పెరట్లో గొయ్యి తీసి పూడ్చేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి బావి దగ్గర తెల్లటి ఈకలు కనిపించాయి. అవి కూడా ఏరి పూడ్చేసింది. అప్పుడూ నోరు మెదపలేదు.

ఆ తర్వాత మూడోసారి కళ్ళారా చూసింది. జమీందారు చింతచెట్టెక్కి ఒక గూటిలో తల దూర్చింది. తల్లికొంగ అరుస్తూ చుట్టూ తిరుగుతోంది. చెట్టు మీది కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. "దిగు నాయనా, నా మాట విను, దిగు" అని అచ్చియ్యమ్మ కింద నించుని బతిమాలింది. దిగింది. నోట్లో పిల్లతో దిగింది.

మరుసటేడు తొలకరి వచ్చింది. ఊళ్ళో చెట్లన్నీ తెల్లబడ్డాయి. అచ్చియ్యమ్మ పసుపు గిన్నె పట్టుకుని పెరట్లో నించునే ఉంది. ఆవిడ చెట్టు మీద ఒక్క కొంగ వాలలేదు.

అప్పుడు పక్కింటి కోటమ్మ గోడ మీదినుంచి తొంగి చూసింది. "అచ్చియ్యక్కా, నీ చెట్టుకేమైందే?" అంది. అదే గోడ మీద జమీందారు కాళ్ళు నాక్కుంటూ కూర్చుంది. కోటమ్మ ఖాళీ చెట్టుని చూసింది, పిల్లిని చూసింది, అక్క మొహం చూసింది. ఇంకేముంది, సాయంత్రానికి సంగతి ఊరంతా పొక్కిపోయింది.

మునసబు వీరభద్రయ్యగారి అరుగు మీద పెద్దలు కూడారు. ఇవాళ ఒక చెట్టు ఖాళీ అయింది, రేపు ఊరే ఖాళీ అయితే ఏం చేస్తాం అన్నారు. ఒకాయన పిల్లిని చంపేద్దామన్నాడు. "ఇంట్లో పురుడు పెట్టుకుని చావు మాటలేంటయ్యా" అని మునసబు కసిరాడు. ఇంకొకాయన పక్కూరి సంతలో ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు. అప్పుడు పక్కూరివాళ్ళతో పేచీ వస్తుందన్నారు. మూడో ఆయన, "గోనెసంచిలో వేసి, ఏరు దాటించి, అడవిలో వదిలేద్దాం. పిల్లీ చావదు, మనకి పాపమూ రాదు" అన్నాడు. ఇది అందరికీ నచ్చింది.

అచ్చియ్యమ్మ ఒక మూల నించుని వింటోంది. చెట్టు పోతే అత్తగారి పరువు పోయినట్టే. పిల్లి పోతే తన ఇల్లు బోసిపోయినట్టే. అయినా ఆవిడ ముందుకొచ్చి మునసబుని ఒక్క మాట అడిగింది. "అడవిలో పిట్టలు ఎవరి ఆడపడుచులు మావయ్యగారూ? వాటికి పుట్టిల్లు లేదా?"

ఆగకుండా ఆవిడే మళ్ళీ అందుకుంది.

"పిల్లిని తెచ్చుకున్నది నేను. దాని గోళ్ళు నా గోళ్ళే. మొదటి పిల్లని చంపినప్పుడే మీతో చెప్పాల్సింది, పరువుకి పోయి దాచాను. తప్పు నాదైతే దాన్ని అడవి మీదికి తోసెయ్యడం ఏం న్యాయం?" అంది.

"మరైతే ఏం చేస్తావమ్మా?" అన్నాడు మునసబు.

ఆవిడ గడువు అడిగింది. రేపు పొద్దుటికల్లా ఏదో ఒకటి చెప్పు, లేకపోతే గోనెసంచే అన్నారు.

అచ్చియ్యమ్మ ఇంటికొచ్చి పిల్లిని ఒళ్ళో పెట్టుకుని దిగులుగా కూర్చుంది. అప్పుడు గోడ అవతల కోటమ్మ గొంతు వినబడింది. కోటమ్మ కూతురు పురిటికొచ్చి ఉందిలే. బాలింత, గదిలో ఉండి ఉండి విసుగెత్తి, వీధిలోకి వెళ్ళొస్తానంటోంది. "నెలలు వెళ్ళేదాకా గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను. గదిలో కూర్చో, పెట్టింది తిను" అని కోటమ్మ కేకలేస్తోంది.

అచ్చియ్యమ్మ గభాలున లేచింది. చెట్టు మీది బాలింతలకి గది లేదు, తలుపు లేదు. వాటి బదులు ఇంకెవరైనా గదిలో కూర్చుంటే సరి కదా అనుకుంది. ఒళ్ళోంచి జారిన జమీందారు ఏమీ తెలీనట్టు ఒళ్ళు విరుచుకుంది.

మర్నాడు మునసబుతో చెప్పేసింది. "కొంగలు వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా మా జమీందారు పురిటిగదిలో ఉంటాడు. గడప దాటితే నన్నడగండి."

ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. గండుపిల్లికి పురుడేమిటని ముక్కు మీద వేలేసుకుంది. అచ్చియ్యమ్మ పట్టించుకోలేదు. చేపలు పట్టే సింహాద్రి దగ్గర ఒక పాత మోటు వల అడిగి తెచ్చుకుంది. పెరటి పంచకీ, దాని ముందున్న జాగాకీ చుట్టూ రాటలు పాతి వల కట్టింది. పిల్లి ఎక్కి దూకుతుందని పైన కూడా కప్పేసింది. వల పైన చింతచెట్టు కొమ్మలు, వల కింద జమీందారు.

మొదటిరోజు అది వీధి అదిరేలా ఏడ్చింది. రెండోరోజు అలిగి పాలన్నం ముట్టలేదు. మూడోరోజు వల పట్టుకుని గబ్బిలంలా వేలాడింది. దాని వేట సరదా తీరాలి కదా అని అచ్చియ్యమ్మ కొబ్బరిపీచుతో ఉండ చేసి తాడు కట్టి వేలాడదీసింది. ఎండుచేప ముక్కల్ని కుండపెంకుల కింద దాచి వెతుక్కోమంది. అది వెతికి, ఎగిరి, దొర్లి, అలిసిపోయి నిద్రపోయేది.

ఊళ్ళో ఆడవాళ్ళు వేళాకోళానికి చూడ్డానికి వచ్చేవాళ్ళు. కోటమ్మ అయితే బాలింతలకి పెట్టే కాయం ముద్ద కూడా పట్టుకొచ్చింది. "మీ మగ బాలింతకి ఎలా ఉందక్కా?" అంది. "పథ్యం బుద్ధిగా చేస్తున్నాడే. ఒళ్ళు కూడా చేశాడు" అని అచ్చియ్యమ్మ తడుముకోకుండా చెప్పింది. కాయం మాత్రం ఆవిడే తినేసింది.

ఆ ఏడు చెట్టు ఖాళీగానే ఉండిపోయింది. అయినా ఆవిడ పిల్లిని బయటికి వదల్లేదు. కొంగలన్నీ వెళ్ళాక, మెడలో మువ్వ కట్టి పిల్లిని వదిలింది. మళ్ళీ మబ్బు పట్టగానే, మొదటి చినుకు పడకముందే, చంకనెత్తుకుని లోపలికి తెచ్చేసింది.

తొలకరి పడింది. మొదటి కొంగ కోటమ్మ చెట్టు మీద వాలింది. అచ్చియ్యమ్మ మనసు చివుక్కుమంది. అయినా పసుపు గిన్నె లోపల పెట్టలేదు. కొన్నాళ్ళకి ఒక కొంగ వచ్చి ఆవిడ చెట్టు చిటారుకొమ్మన కూర్చుంది. కిందికి చూసింది. వల కింద జమీందారు పైకి చూసింది. కొంగ మెడ అటు తిప్పి, ఇటు తిప్పి, ఎగిరిపోయింది. ఆ తర్వాత నోట్లో పుల్లతో తిరిగొచ్చింది. అప్పుడు అచ్చియ్యమ్మ ఏడ్చేసింది. సంతోషానికే.

గూడు కట్టింది. పిల్లలు లేచాయి. ఒక రోజు పెద్ద గాలివాన వచ్చింది. కొమ్మలు ఊగిపోతున్నాయి. ఒక కొంగపిల్ల గూటి అంచు మీదినుంచి జారింది. గోడ అవతలినుంచి చూస్తున్న కోటమ్మ "పోయిందే" అని కళ్ళు మూసుకుంది.

పిల్ల నేల మీద పడలేదు. వల మీద పడింది. ఒకసారి ఎగిరి, మళ్ళీ పడి, ముడుచుకుని కూర్చుంది. వల కింద జమీందారు వెనక కాళ్ళ మీద లేచి మూతి పైకెత్తింది. పైన పిల్ల, కింద పిల్లి, మధ్యలో అచ్చియ్యమ్మ కట్టిన వల. ఆవిడ వానలో పరిగెత్తుకొచ్చి, పిల్లిని లోపల పెట్టి గడియ వేసి, నిచ్చెన ఎక్కి, తన చేత్తోనే పిల్లని గూట్లో పెట్టింది.

అప్పటికి సగం ఊరు గోడ దగ్గరే ఉంది. మునసబు తడుస్తూనే అన్నాడు. "ఏ చెట్టు నుంచి పడ్డా మన పిల్లలు ఇన్నాళ్ళూ నేలపాలయ్యాయి. ఈ చెట్టు నుంచి పడ్డది బతికింది. పుట్టిల్లంటే ఇదమ్మా." అచ్చియ్యమ్మ తలెత్తుకుని నించుంది. వానకి తడిసిన చీరతో, పట్టుచీర కట్టుకున్నట్టు నించుంది.

ఆ తర్వాత ఊళ్ళో ప్రతి చింతచెట్టు కిందా వల వెలిసింది. పిల్లి ఉన్న ప్రతి ఇంట్లో పురిటిగది వెలిసింది. కుక్కలకి కూడా ఆ నెలల్లో మొలతాడు లేకపోయినా మెడతాడు వచ్చింది. మీదే ఊరని ఎవరైనా అడిగితే, ఇప్పుడు వాళ్ళు ఇంకో మాట కూడా చెప్తారు. "కొంగల పుట్టిల్లు. మా ఊళ్ళో పిల్లులు కూడా పురుడు పాటిస్తాయి."

ఇప్పుడు చెప్పు, పిల్లిపిల్ల కావాలా? కావాలీ? సరే. మన పెరట్లో గోరింట చెట్టు మీద పిచ్చుకలున్నాయి, తెలుసుగా. రేపు నువ్వు వల పట్టుకో, నేను ముడులు వేస్తాను. పంచకి కట్టేశాకే పిల్లి మాట. కళ్ళు మూసుకో మరి.

కొంగమ్మ కొమ్మకి,
పిల్లయ్య పంచకి,
మన కథ కంచికి,
నువ్వేమో నిద్రకి.