అంచున పేరు

ఏరు దాటాక బోడి మల్లయ్య అనే రకం కాదు దస్తగిరి. అతని చిక్కు దానికి తలకిందులు. పొందిన మేలు మరిచిపోవడం చేతకాక నలిగిపోతుండేవాడు.

ఒకప్పుడు దూదేకుతూ ఊరూరా తిరిగేవాడు. ఒక ఎండాకాలం జ్వరంతో దర్గా మెట్ల మీద పడిపోతే, దర్గా చూసుకునే హుసేనప్ప తాత లోపలికి మోసుకెళ్లి, తన తోటలో బత్తాయిలు కోసి, రసం పిండి నోట్లో పోసి బతికించాడు. అప్పటినుంచి ఆయన దగ్గరే శిష్యుడిగా ఉండిపోయాడు. నీ రుణం ఎలా తీర్చుకోవాలి తాతా అని అడగని వారం లేదు. తాత అంతా విని, పాదులకు నీళ్లు పెట్టావా అని అడిగి ఊరుకునేవాడు.

ఆ ఏడు చుట్టుపక్కల రైతులంతా కలిసి, పండ్లను సంచుల్లో నింపే మిషను తెచ్చారు. దాని సంచులు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద ప్లాస్టిక్ చుట్టగా వస్తాయి. ప్రతి సంచికీ అంచున ఒక నల్ల గుర్తు ఉంటుంది. మిషను తన కంటితో ఆ గుర్తును చూసి, అక్కడ కోసి, పండ్లు నింపి, మూతి అంటిస్తుంది. సంచులు అచ్చు వేయించే పని దస్తగిరికి అప్పగించారు. ఇన్నాళ్లకు రుణం తీర్చే దారి దొరికిందని అతను పొంగిపోయాడు.

'హుసేనప్ప తాత దయ' అని అంచు పొడవునా నల్లటి అక్షరాలు వేయించాడు. గుర్తున్న పట్టీలో ఇంకేమీ ఉండకూడదని అచ్చు వేసేవాడు మొత్తుకున్నాడు. తాత పేరు కంటే పెద్ద గుర్తుంటుందా అని దస్తగిరి వాడి నోరు మూయించాడు. చుట్ట తయారయ్యాక దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని షెడ్డుకు తెచ్చాడు.

మిషనుకు భక్తి ఎక్కడిది? ప్రతి అక్షరాన్నీ గుర్తే అనుకుంది. ఒక సంచిని 'హుసే' దగ్గర కోసింది, ఇంకోదాన్ని 'నప్ప' దగ్గర. అడుగులేని సంచుల్లోంచి బత్తాయిలు జారి షెడ్డంతా దొర్లాయి. బయట ట్రాక్టర్లు బారు తీరాయి. సాయంత్రం లారీ అందకపోతే ఎండకు మగ్గిపోయిన ఆ పండ్లను అడిగే నాథుడుండడు.

ఆ పేరు చెరిపితే తప్ప మిషను నడవదని దాన్ని నడిపే ఓబుళమ్మ చెప్పింది. దస్తగిరి చుట్టను గట్టిగా వాటేసుకున్నాడు. అన్ని సంచులూ తానే చేత్తో కత్తిరిస్తానని, పేరు మీద మాత్రం ఎవరి చెయ్యీ పడనివ్వనని మొండికేశాడు. అతనితో వేగలేక రైతులు తాతను పిలిపించారు.

తాత వచ్చి నేల మీది పండ్లను చూశాడు. ట్రాక్టర్లను చూశాడు. ఓబుళమ్మను అచ్చురంగు కరిగించే థిన్నరు కాస్త, ఒక పాతగుడ్డ అడిగి తీసుకున్నాడు. చుట్ట పక్కన గొంతుక్కూర్చుని, కొస లాగి, నల్ల గుర్తులను వదిలేసి తన పేరు తుడవడం మొదలుపెట్టాడు.

దస్తగిరి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఏడుపు ఆగలేదు.

"వద్దు తాతా. నా పానం నిలబెట్టినోడివి నువ్వు. ఆ మాట నలుగురికీ తెలియాల."

తాత చెయ్యి విడిపించుకోలేదు.

"నాకూ ఒకసారి జరమొచ్చిందిరా. నీ వయసులో, రోడ్డు పక్కన పడిపోయింటి. ఎవరో ఒకామె బత్తాయి పండు నా నోట్లో పిండింది."

"ఎవురు తాతా ఆమె?"

"నేను కండ్లు తెరిచేలోపలే పోయింది. నీ నోట్లో నేను పిండిన పండు ఆమెదే."

దస్తగిరి పట్టు మెల్లగా సడలింది. తాత చేతిలోని గుడ్డ తీసుకుని, తర్వాతి పేరును తనే తుడిచాడు. ట్రాక్టర్లు దిగి రైతులూ వచ్చి తలా ఒక గుడ్డ పట్టారు. పేరు పోయిన సంచులు మిషనులోంచి నిండుగా, బుద్ధిగా బయటికి వచ్చాయి. లారీ వేళకే కదిలింది.

ఆ వారం దస్తగిరి రుణం ఊసెత్తలేదు. తాత అడగకముందే వెళ్లి పాదులకు నీళ్లు పెట్టి వచ్చాడు.