వంటింటి కొలత

పదకొండేళ్ళు సేవ చేసినా గురువు నోటి నుంచి ఆ ఒక్క మాట రాలేదన్నది శరభాచారి దిగులు.

గురువు పుల్లాచారి గారు వినుకొండలో వడ్రంగి. పగలంతా కొట్లో చిత్రిక పట్టేవారు. గురువారం సాయంత్రం అదే కొట్లో చెక్కపొట్టు ఒక మూలకి ఊడ్చి, చాప పరిచి, వచ్చినవాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పేవారు. ఆయనకి కాషాయం లేదు, మఠం లేదు. భార్యా పిల్లలూ మోకాళ్ళ నొప్పులూ అన్నీ ఉన్నాయి. తన దగ్గర పని నేర్చినవాళ్ళలో కొందరికి, తన గురువు తనకిచ్చిన ఉపదేశం ఆయన ఇచ్చేవారు. ఎవరికి, ఎప్పుడు అన్నది ముందుగా చెప్పేవారు కాదు. ఒకరోజు పని మధ్యలో, ఉలి అందుకోమన్నంత మామూలుగా, "రేపు తలస్నానం చేసి రా" అనేవారు. అంతే. విన్నవాడికి అర్థమయ్యేది.

శరభాచారి తర్వాత ఐదేళ్ళకి వచ్చి చేరినవాడికి కూడా ఆ మాట వచ్చింది. వాడు కొలత తప్పి రెండుసార్లు తలుపుచెక్క పాడుచేసినవాడు. శరభాచారి చేతిలో చెక్క పాడవడం ఎవరూ ఎరగరు. తెల్లవారేసరికి కొట్టు తెరిచేది అతనే. బీడీ ముట్టడు, అబద్ధమాడడు, చెప్పిన రోజుకి పని అప్పగిస్తాడు. ఇన్ని ఉన్న మనిషికి, ఇవన్నీ నాకున్నాయన్న ఎరుక కూడా లోపల ఒకటి పెరుగుతుంటుంది. అది పెరుగుతున్నట్టు ఆ మనిషికి మాత్రం తెలియదు.

ఉండబట్టలేక ఒక గురువారం అందరూ వెళ్ళాక అడిగేశాడు. నాలో లోపమేమిటో చెప్పండి, దిద్దుకుంటాను అన్నాడు.

పుల్లాచారి గారు కళ్ళద్దాలు పంచె కొంగుతో తుడుచుకుంటూ, "ఇప్పుడేం పని మీదున్నావు?" అన్నారు.

"పీటీ మాస్టారు ప్రభుదాసు గారి వంటిల్లు, అయ్యవారూ."

"పూర్తయ్యాక పిలువు. చూస్తాను."

పరీక్ష పెట్టారని శరభాచారికి అర్థమైంది. ఆ రాత్రి అతనికి దిగులు పోయింది. పనిలో పరీక్ష పెడితే తను తప్పేదేముంది అనుకున్నాడు.

ప్రభుదాసు గారు ఆరడుగుల పైచిలుకు మనిషి. ఒకప్పుడు వాలీబాల్ ఆడినవాడు, ఇప్పుడు స్కూల్లో ఆడిస్తున్నాడు. భార్య కృపామణి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆమె ఆయన ఛాతీ దాకా వస్తుంది. వాళ్ళ వంటిల్లు రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ఆమె పొద్దున ఆరున్నరకే డ్యూటీకి పోవాలి గనక, రాత్రి వండినవి వెచ్చబెట్టుకోవడానికి మైక్రోవేవ్ ఓవెన్ ఒకటి కావాలనుకున్నారు. గట్టు మీద చూస్తే చోటు లేదు. అందుకని పొయ్యికి పైన, గోడకి బిగించే రకం తెద్దామన్నారు. పొగ లాగే ఫ్యాను కూడా అందులోనే ఉంటుంది.

పుల్లాచారి గారి దగ్గర నేర్చినవాళ్ళు ఏ ఇంటి పనికైనా ముందు నూలుతో కొలత తీస్తారు. పసుపు రాసిన నూలుపోగు ఒక కొస యజమాని మడమ కింద ఉంచి, ఆయన కుడిచెయ్యి పైకెత్తితే వేలి కొస దాకా లాగి తెంపుతారు. నడుము దగ్గర ఒక ముడి, కంటి దగ్గర ఒక ముడి. గట్టు ఎత్తు నడుము ముడిని బట్టి, పై అరలు మొదలయ్యేది కంటి ముడిని బట్టి, చివరి అర వేలి కొసని బట్టి. టేపు చేతిలో ఉన్నా సరే, ఆ నూలు చెప్పాకే టేపు తీస్తారు. పని పూర్తయ్యాక ఆ నూలుని ఇంటి గుమ్మానికి కడతారు.

శరభాచారి ప్రభుదాసు గారిని గోడకి ఆనించి నిలబెట్టి, పద్ధతి తప్పకుండా నూలు తీశాడు. మజ్జిగ తెచ్చిన కృపామణి గుమ్మంలో ఆగి, నన్ను కూడా నిలబడమంటారా అని నవ్వుతూ అడిగింది.

"అక్కర్లేదమ్మా. ఇంటికి ఒకటే కొలత," అన్నాడు శరభాచారి, మజ్జిగ అందుకుంటూ.

ఓవెన్ కొనడానికి ప్రభుదాసు గారితో పాటు అతనూ గుంటూరు వెళ్ళాడు. షాపులో ఆ రకానివి రెండున్నాయి. ఒకటి లావుది, రెండు జానల ఎత్తు. దాని మీద మీటలెక్కువ, మాస్టారి కన్ను దాని మీదే పడింది. రెండోది సన్నది, జానెడుకి కాస్త పైన. షాపువాడు లావుదాన్నే పొగిడాడు. శరభాచారి జేబులోంచి నూలు తీసి అక్కడే లెక్క చెప్పాడు. లావుది బిగిస్తే పక్క అరల కంటే కిందికి దిగి, పాలపళ్ళ వరసలో పెద్దపన్నులా కనబడుతుంది. సన్నదైతే అరల అడుగూ దాని అడుగూ ఒక్క గీతలో కలుస్తాయి. చూసినవాళ్ళకి అక్కడ ఓవెన్ ఉందనే తెలియదు. మాస్టారు ఒప్పుకున్నాడు. షాపువాడు మీరు ఇంజనీరా అని అడిగాడు. ఆ మాట శరభాచారి బస్సులో తిరిగొస్తూ రెండుసార్లు తలుచుకున్నాడు.

ఇరవై రోజులు పట్టింది పని. పై అరల అడుగున ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే గీత. రసమట్టం పెడితే బుడగ మధ్యలోంచి కదల్లేదు. ఓవెన్ ఆ గీతలో ఇమిడిపోయింది. ఒక బుధవారం సాయంత్రం అతను గురువుని పిలుచుకొచ్చాడు.

పుల్లాచారి గారు చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వచ్చారు. ముందు ఒక కొసన నిలబడి, ఒక కన్ను మూసి, గీత వెంట రెండో కొస దాకా చూశారు. తర్వాత అరల అడుగున వేలితో రాస్తూ నడిచారు. వేలు ఎక్కడా ఆగలేదు.

"గీత బాగుంది," అన్నారు.

శరభాచారికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన అంతమాట అనడం పదకొండేళ్ళలో అతను మూడుసార్లు విన్నాడు. మూడూ వేరేవాళ్ళ పని చూసి అన్నవే.

ఆయన చూపు కిందికి దిగింది. పొయ్యి గట్టు పక్కన నీలం ప్లాస్టిక్ స్టూలు ఒకటుంది. ఇదెందుకని అడిగారు.

"మా ఆవిడ కోసమండీ," అన్నాడు ప్రభుదాసు. "దేవుడు నాకు రెండు మూరలు ఎక్కువేసి ఆమెకు కోతపెట్టాడు. దాన్ని సరిచెయ్యాలని స్టూలు కొన్నాను."

"రేపు ఇల్లు కట్టినా ఈయన కోసం కప్పు ఎత్తుతారు గానీ నా కోసం దించరండీ," అంది కృపామణి. మళ్ళీ తనే సర్దుకుని, రెండ్రోజులకి అలవాటైపోతుందిలెండి అంది. వంటిల్లు కొత్తగా చేయించుకున్నప్పుడు, వచ్చిన పెద్దాయన ముందు అంతకంటే ఏమంటుంది.

పుల్లాచారి గారు పాలుంటే ఒక గ్లాసు ఇమ్మన్నారు. చక్కెర వద్దన్నారు. ఓవెన్లో పెట్టు, ఆయన కూడా చూస్తారు అన్నాడు ప్రభుదాసు ఉత్సాహంగా.

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గిన్నె అడుగు చుట్టూ మంట నాలుకలు చాస్తోంది. కృపామణి కొంగు నడుముకి బిగించి దోపుకుంది. స్టూలు జరుపుకుని, ఎక్కి, పాలగ్లాసు లోపల పెట్టి దిగింది. దిగేటప్పుడు ఒక చెయ్యి గట్టు అంచుని పట్టుకుంది. కాసేపటికి ఓవెన్ కూతపెట్టింది. ఆమె మళ్ళీ స్టూలు మీద కాలు పెట్టబోయింది.

"ఆగు తల్లీ," అన్నారు పుల్లాచారి గారు. స్టూలుని కాలితో పక్కకి జరిపి, శిష్యుడి వైపు చెయ్యి చాచారు. "నూలేదీ?"

గుమ్మానికి కట్టే వేళ అయిందనుకున్నాడు శరభాచారి. సంచీలోంచి పసుపు నూలు తీసి కళ్ళకద్దుకుని ఇచ్చాడు.

ఆయన మోకాలి మీద చెయ్యి వేసుకుని మెల్లిగా వంగారు. నూలు ఒక కొస కృపామణి మడమ కింద పెట్టారు. ఆమె కంగారుగా కాలు లాక్కోబోతే, పరవాలేదు, అలాగే ఉండమన్నారు. నూలు బిగించి పైకి లాగి ఆమె చేతికిచ్చారు.

"గిన్నె తియ్యడానికి ఎత్తినట్టు చెయ్యెత్తు."

ఆమె ఓవెన్ తలుపు దాకా చెయ్యెత్తింది. మునివేళ్ళ మీద లేస్తే గానీ అందలేదు. ఆమె పట్టుకున్న చోటుకి పైన ఇంకా చాలా నూలు మిగిలింది. ఆ మిగిలినది ఆమె ముంజేతి పక్కగా కిందికి జారి, వేలాడి, అన్నం గిన్నె పక్కన మంటలో పడింది.

పసుపు రాసి ఎండిన నూలు. చురుక్కున అంటుకుంది. మంట చిన్న పురుగులా పోగు వెంట ఆమె మణికట్టు వైపు పాకింది. శరభాచారి ముందుకి ఉరికేలోగా పుల్లాచారి గారు చెయ్యి చాచి, కాయలు కాసిన రెండు వేళ్ళతో ఆ మంటని నలిపేశారు.

కాలిన నూలు వాసన వంటిల్లంతా నిండింది.

"ఇది ఎవరి కొలత?" అన్నారు పుల్లాచారి గారు.

"ఇంటి యజమానిది, అయ్యవారూ."

"వంటింటి కొలత అడిగాను."

శరభాచారికి ఇంటికి ఒకటే కొలత అని తను అన్న మాట, అన్నప్పుడు చేతిలో ఉన్న చల్లటి మజ్జిగ గ్లాసుతో సహా గుర్తొచ్చింది. ఆ గ్లాసు ఇచ్చిన చెయ్యి ఇప్పుడు ఎదురుగా ఉంది. మణికట్టు దగ్గర నాలుగు సన్నటి వెంట్రుకలు కమిలి ఉన్నాయి. ఆమె దాన్ని రెండో చేత్తో మూసుకుని, ఏం కాలేదండీ అంటోంది.

"కాలింది నూలే," అన్నారు పుల్లాచారి గారు. "ఇవాళ్టికి."

ప్రభుదాసు ముందుకొచ్చాడు. పొయ్యి కట్టేశాడు. చెయ్యి చాచి ఓవెన్లోంచి పాలగ్లాసు తనే తీసి, గుడ్డతో పట్టుకుని పెద్దాయన చేతికిచ్చాడు. తర్వాత ఆ నీలం స్టూలు తీసుకుపోయి వసారాలో పెట్టి వచ్చాడు.

పుల్లాచారి గారు పాలు ఊదుకుంటూ తాగారు. తాగుతూ ఓవెన్ వైపు చూశారు.

"సన్నది కొనిపించావు. మంచిపని చేశావు. ఎందుకు మంచిదో మాత్రం నీకు తెలీదు."

శరభాచారి పైకి చూశాడు. తను షాపులో గీత కోసమే సన్నది కావాలన్నాడు. ఇప్పుడు చూస్తే, గట్టు నాలుగు వేళ్ళు దించి, ఆ పెట్టెని ఆమె కంటి ఎత్తుకి తెస్తే, అప్పుడు కూడా కింద పెద్ద కుక్కరు పట్టడానికి చోటుంటుంది. పెట్టె పైన మిగిలిన చోట ఆమె చేతికందే అర ఒకటి వస్తుంది. లావుది అయితే ఆ అరకి చోటుండేది కాదు. అయితే గీత ఉండదు. ఇరవై రోజులు ప్రాణం పెట్టి సాధించిన గీత, సరిగ్గా నడిమధ్యలో విరుగుతుంది. గుమ్మంలో నిలబడి ఎవరు చూసినా మొదట కనబడేది ఆ విరుపే. ఈ మేస్త్రీకి మట్టం చూడ్డం కూడా రాదనుకుంటారు.

అతను తన సంచీలోంచి మేకులు పీకే కడ్డీ తీసి గట్టు మీద పెట్టాడు. నూలుండ కూడా తీశాడు. కొమ్ము పసుపు ఉందా అమ్మా అని అడిగాడు. కృపామణి డబ్బాలోంచి చిటికెడు పసుపు అతని అరచేతిలో వేసింది. నూలు అందులో దొర్లించి సాపు చేశాడు.

"ఇక్కడ నిలబడండమ్మా. చెప్పులు వద్దు."

ఆమె గట్టుకి ఎదురుగా, రోజూ నిలబడే చోట నిలబడింది. శరభాచారి కింద కూర్చున్నాడు. గురువు కాళ్ళకి తప్ప ఇన్నేళ్ళలో అతను ఎవరి కాళ్ళ దగ్గరా అంతగా వంగలేదు. నూలు కొస ఆమె మడమ దగ్గర ఆనించి, బొటనవేలితో అదిమి పట్టాడు. రెండో కొస ఆమెకి అందించాడు.

పుల్లాచారి గారు ఖాళీ గ్లాసు గట్టు మీద పెట్టారు. బయట చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడైంది. గుమ్మం దగ్గర అది ఆగింది.

"శరభా. రేపు తలస్నానం చేసి రా."

బొటనవేలి కింద నూలు ఒక్కసారి అదిరింది. అతను తల తిప్పలేదు. తిప్పితే వేలు జరుగుతుంది, వేలు జరిగితే కొలత పోతుంది.

"అలాగే, అయ్యవారూ," అని, పైకి చూసి, "ఇంకొంచెం నిటారుగా నిలబడండమ్మా," అన్నాడు. "నూలు సరిగ్గా మీ కంటికెదురుగా పట్టుకోండి."