దూదిపింజ వెనక్కి వచ్చిన రోజు

అనగనగా ఒక అడవి. ఆ అడవిని నిలువునా చీలుస్తూ ఒక పెద్ద లోయ. ఉడుతలూ కుందేళ్ళూ ఈ గట్టున ఉంటే, అవి తినే నేరేడుపళ్ళన్నీ ఆ గట్టున కాసేవి. దేవుడికి కూడా అప్పుడప్పుడు తిక్క పుడుతుంది మరి.

అందుకని గద్దదొర ఒక బుట్టల రేవు పెట్టాడు. కొంగలు కాళ్ళకు బుట్ట కట్టుకుని జంతువుల్ని లోయ దాటించేవి. ఆ రేవుకో ఆచారం ఉంది. ఎగిరే ముందు కొంగ ఒక బూరుగు దూదిపింజను గాలిలోకి వదలాలి. పింజ ముందుకు పోతే ప్రయాణం. తిరిగొచ్చి మొహానికి తగిలితే "ఇవాళ వద్దు" అనాలి. కొంగ వద్దంటే వద్దే. దొర కూడా కిక్కురుమనకూడదు.

ముసలి కొంగ గవరయ్య ఆ మాట చాలాసార్లు అన్నాడు. అన్నరోజు కూడా అతని కూలి చేపలు అతనికి అందేవి. దొరకు అదే కడుపుమంట.

ఒకరోజు సూరీడు అనే పడుచు కొంగ రేవుకొచ్చాడు. ముక్కు పొడుగు, ఆశ అంతకన్నా పొడుగు.

"దొరా, నేనూ బుట్ట మోస్తాను" అన్నాడు.

"మోద్దువుగానిలే. ముందు నేర్చుకోవాలిగా? వానలు పడేలోగా వందసార్లు లోయ దాటు. అప్పుడు అసలు కొలువు."

"నేర్చుకునేటప్పుడు ఎన్ని చేపలిస్తారు?"

దొర కడుపుబ్బ నవ్వాడు. "నేనివ్వడమేంట్రా? నువ్వే ఇవ్వాలి. మీ అమ్మ చేపలు పట్టే మడుగుందిగా, అది నాకు వదిలెయ్."

గవరయ్య సూరీణ్ణి పక్కకు లాగాడు. "పెళ్ళిలో వంటంతా చేసి, వండినందుకు నువ్వే డబ్బులిచ్చి వస్తావట్రా?"

"మీకేం మామయ్యా, మీకు కొలువుంది" అన్నాడు సూరీడు.

అదీ నిజమే. గవరయ్య తన బుట్ట దగ్గరికి వెళ్ళిపోయాడు.

సూరీడి తల్లి మడుగు ఇచ్చేసింది. మర్నాడే గవరయ్య కొలువు ఊడింది. "ఎదురిచ్చి మోసేవాడుండగా కూలిచ్చి మోయించుకుంటానా?" అన్నాడు దొర.

సూరీడు మోశాడు. పది, యాభై, తొంభై. ఎగరని రోజు లెక్కలోకి రాదు. వానలకు ముందు వంద కాకపోతే ఇచ్చిన మడుగూ దండగే, రావలసిన కొలువూ పోయినట్టే.

తొంభై ఏడోసారి పింజ కాస్త వణికింది. ఎగిరాడు. ఏం కాలేదు.

తొంభై ఎనిమిదోసారి పింజ ఉన్నచోటే గిర్రున తిరిగింది. ఎగిరాడు. రెక్క నొప్పెట్టింది, అంతే.

తొంభై తొమ్మిదోసారి ఉడుతమ్మ తన బుజ్జిదాన్ని ఎత్తుకుని బుట్టలో కూర్చుంది. కొండ మీద మబ్బు కమ్మింది. పింజ తిరిగొచ్చి సూరీడి కంట్లో పడింది.

"పింజ ఏమంటోంది నాయనా?" అని అడిగింది ఉడుతమ్మ.

"వద్దు" అనే మాట గొంతుదాకా వచ్చింది. దాని వెనకే అమ్మ మడుగూ గుర్తొచ్చింది.

"బాగానే ఉందత్తా" అన్నాడు సూరీడు.

నడి లోయలో గాలి బుట్టను వెనక్కి నెట్టి ఈ గట్టు రాతికేసి కొట్టింది. సూరీడు రెక్క విరిగి గట్టు మీద పడ్డాడు. ఉడుతమ్మ ఒక తీగ పట్టుకుని బతికింది. బుజ్జిది పట్టుకోలేకపోయింది. దాని చేతులు మరీ చిన్నవి.

దొర వచ్చి చూశాడు. "వంద కాలేదుగా" అని వెళ్ళిపోయాడు.

వానలు వెలిశాయి. రేవు మళ్ళీ తెరిచారు. మరో పడుచు కొంగ వచ్చాడు. సూరీడు కుంటుకుంటూ ఎదురెళ్ళాడు. "వద్దు తమ్ముడూ."

"నీకేం అన్నా, నీ రెక్క ఎలాగూ పోయింది. నాది బాగానే ఉంది" అన్నాడు వాడు. వాడి వెనక ఇంకో పదిమంది.

ఉడుతమ్మ ఇప్పుడు బుట్ట ఎక్కదు. రోజూ రేవులోనే కూర్చుంటుంది. బుట్ట కట్టుకున్న ప్రతి కొంగనూ అడుగుతుంది, "పింజ ఏమంటోంది నాయనా?" అని.

"బాగానే ఉందత్తా" అంటారు అందరూ, పింజ వదలకుండానే.

నీతి: కూలి తీసుకుని మోసేవాడికి "వద్దు" అనే నోరుంటుంది. ఎదురిచ్చి మోసేవాడు ఆ నోరు కూడా ఇచ్చేస్తాడు.