రాజుగారి డబ్బా

ఒక రాజ్యంలో జనం గీతల ప్రకారమే నడుచుకునేవారు. కొలువులో గోడంత తెర ఉండేది. దాని మీద కంప్యూటర్‌తో గీసిన పటంలో ఒక్కొక్కరికి ఒక డబ్బా, డబ్బాకీ డబ్బాకీ మధ్య గీత. గీత ఉన్నవాళ్ళే మాట్లాడుకోవాలి. లేనివాళ్ళు ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోవాలి.

పటం నడిమధ్యన రాజుగారి డబ్బా. అన్నిటికంటే పెద్దది. ఏ అర్జీ అయినా ముందు దాన్ని తాకాలి, అదీ కుడివైపు నుంచే. ఎడమవైపు అశుభమట. ఒక డబ్బా మీంచి గీత పోతే ఆ అధికారి నెత్తిన కాలు పెట్టినట్టే. గీతను గీత దాటితే తగువులు పుడతాయని ఆస్థాన పండితుడు సెలవిచ్చాడు. ఇన్ని పట్టింపులుంటే గీతలు వంకర్లు పోక ఏం చేస్తాయి పాపం.

పటం గీసే అమ్మాయి పొద్దస్తమానం డబ్బాలు జరుపుతూనే ఉండేది. "నా డబ్బా కోశాధికారి డబ్బాకంటే వెంట్రుకవాసి పైకుండాలమ్మా" అని మంత్రి వచ్చేవాడు. ఆయన అటు వెళ్ళగానే కోశాధికారి ఇటు వచ్చేవాడు. ఒక్క డబ్బా కదిపితే దానికి అతుక్కున్న గీతలన్నీ ఊరేగింపు వెనక పిల్లల్లా వెంటపడేవి.

ఆ వానాకాలం పడవవాడి పడవకి చిల్లు పడింది. వడ్రంగి అతనికి పక్కింటివాడే. కానీ పటంలో పడవవాడి గీత గుర్రపుశాలని చుట్టి, పన్నుల శాఖ వెనకనుంచి వెళ్ళి, రాజుగారిని కుడివైపున తాకి, మళ్ళీ ఊరంతా తిరిగి వడ్రంగిని చేరేది. ఏటి అవతల అతని కూతురికి నెలలు నిండాయి. మంత్రసాని ఇవతల ఉంది. ఏరు పొంగుతోంది.

అతను అర్జీ పట్టుకుని గీత వెంట నడిచాడు. సగం దారిలో మంత్రిగారి డబ్బా జరిగింది, గీత మారింది, అర్జీ మొదటికొచ్చింది. ఇక అతను పటం గీసే అమ్మాయి దగ్గరికే వెళ్ళాడు. ఆమెకి పటంలో డబ్బా లేదు. గీసేవాళ్ళని గీయాలని ఎవరికీ తోచలేదు. అందుకని ఆమెతో ఎవరైనా మాట్లాడవచ్చు.

"తల్లీ, ఈ పూట ఏరు దాటకపోతే నా బిడ్డ నాకు దక్కదు. నా గీత కాస్త సరిచెయ్యి."

"నీ గీత తప్పేం లేదు బాబాయ్. దారిలో రాజుగారున్నారు."

ఆమెకి ఒళ్ళు మండింది. అయినా నవ్వుముఖం పెట్టుకునే రాజుగారి ముందుకు వెళ్ళింది.

"ప్రభూ, తమరు నడుమ ఇరుక్కుపోయారు. వచ్చేవాడూ పోయేవాడూ తాకుతున్నారు. తమరు ఉండాల్సింది అందరికంటే పైన. శీర్షికలో."

"శీర్షికకి గీతలుంటాయా?"

"ఉండవు ప్రభూ. శీర్షికను తాకరు, చదువుతారు."

రాజుగారి ముఖం చేటంతయింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

ఆమె ఆ డబ్బాకి అతుక్కున్న గీతలన్నీ విడదీసి, దాన్ని పటం నెత్తికెక్కించి, అక్షరాలకి బంగారు రంగు వేసింది. నడుమ జాగా ఖాళీ అయింది. గీతలు వాటంతటవే సర్దుకుని తిన్నగా సాగాయి. పడవవాడికీ వడ్రంగికీ మధ్య జానెడు గీత మిగిలింది. వడ్రంగి అప్పటికే ఉలి పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. గీత పడిందని తెలియగానే గోడ దూకాడు. చీకటి పడకముందే మంత్రసాని ఏరు దాటింది, పడవవాడికి మనవరాలు పుట్టింది.

ఇక్కడ కొలువులో మంత్రికి నిద్ర కరువైంది. "నన్ను ఉపశీర్షిక చెయ్యవూ" అని అమ్మాయిని బతిమాలాడు. చేసింది. కోశాధికారి అడిగాడు, పండితుడు అడిగాడు. అందరినీ పైకెక్కించింది. పైన బంగారం కిక్కిరిసిపోయింది. కింద పనులు చకచకా సాగిపోయాయి.

వానలు ముదిరాయి. కొలువు కప్పు కారడం మొదలుపెట్టింది. రాజు అమ్మాయి చేత వడ్రంగికి కబురంపాడు. వడ్రంగి వచ్చి, రాజు నుంచి ముఖం తిప్పుకుని నిలబడి, అమ్మాయితో అన్నాడు.

"అమ్మాయ్, దొరగారికీ నాకూ గీత లేదు. ఎలా మాట్లాడను?"

"ఒక గీత గియ్యి, ఏం పోయింది?" అన్నాడు రాజు.

"గియ్యడానికేం ప్రభూ, చిటికెలో పని. కానీ గీత తగిలితే అది శీర్షిక కాదు. తమరి డబ్బా కిందికి దిగాలి. వడ్రంగి పక్కకి."

రాజు తలెత్తి తన అక్షరాలు చూసుకున్నాడు. మంత్రి తనవి చూసుకున్నాడు. కోశాధికారీ, పండితుడూ అంతే. కిందికి దిగుదామని ఒక్కరూ అనలేదు. వడ్రంగి తన పని మీద తను వెళ్ళిపోయాడు.

ఒక చుక్క తెర మీద పడింది. ఇంకోటి పడింది. రాజు గాభరాగా లేచాడు. గొడుగు తెచ్చేవాడితో కూడా గీత లేదు గనక తనే వెళ్ళి తెచ్చుకున్నాడు. కిరీటంలోంచి నీళ్ళు కారుతుండగా, ఆ గొడుగు విప్పి తెర మీద పట్టుకుని నిలబడ్డాడు.