మెట్టగెడ్డవలస ఆలకింపులమ్మ: చాటింపు గెడ్డ దాటిన వైనం

ఉత్తరాన ఒడిశా కొండల నీడ పడే మెట్టగెడ్డవలసలో, గెడ్డకు అవతలి ఒడ్డున శ్రీ ఆలకింపులమ్మ కొలువై ఉన్నది. మోకాలెత్తు నల్లరాతి మూర్తి. తల్లి కుడిచేయి అభయమివ్వదు, ఆయుధం పట్టదు, చెవి వెనుక ఆనించి ఉంటుంది. తమ మొరలు వినడానికే అమ్మ చెవి ఒగ్గిందని భక్తులు మురిసిపోయి, ఉద్యోగాలు మొదలు మోకాళ్ళ నొప్పుల దాకా అక్కడే ఏకరువు పెడతారు. అమ్మ వింటుంది, కాదనలేము. కాని ఆ చేయి చెవి దగ్గరికి చేరిన వైనం వేరు.

పూర్వం ఇక్కడ చాటింపు వేసే తవిటయ్య ఉండేవాడు. జాతరైనా, పన్ను వసూలైనా, కొండ దిగి పులి వచ్చినా ఊరికి అతని తప్పెటే కబురు చెప్పేది. ఊరంతా ఇవతలి ఒడ్డున, అవతల పల్లంలో కొన్ని గుడిసెలు. ఒడ్డున నిలబడి మూడు దరువులు వేస్తే అవతలివారికి చెప్పినట్టే లెక్క అని పెద్దలు ఏనాడో కట్టుబాటు చేశారు. గెడ్డ సన్నగా పారే వేసవిలో చేసిన కట్టుబాటది. వానకాలపు హోరులో తన తప్పెట తనకే వినబడదని తవిటయ్యకు తెలుసు. అయినా తాత వేసినట్టే మూడూ వేసి, పని అయిపోయిందని తృప్తిగా ఇంటిదారి పట్టేవాడు.

ఒక శ్రావణంలో ముసురు విడవక కొండమీది చెరువు కట్ట అంచుదాకా నిండిపోయింది. కట్ట తెగితే ఊరు మిగలదు. పొద్దుగూకే వేళకు పల్లం వైపు గండి కొట్టాలని, ఆలోగా అవతలివారు పశువులతో సహా మెట్ట ఎక్కాలని పెద్దలు నిశ్చయించి తవిటయ్యను పంపారు. అతను ఊరంతా చాటి, మధ్యాహ్నానికి ఒడ్డు చేరి, మూడు దరువులూ వేశాడు. తరువాత తాటాకు గిడుగు కింద ముడుచుకొని కూర్చున్నాడు. అలసిన కళ్ళు మూతలు పడ్డాయి.

కలలో గెడ్డ పాలలా తెల్లగా, చప్పుడు లేకుండా పారుతోంది. ఎంత కొట్టినా తప్పెట పలకడం లేదు. అవతల పసుపు చీరలో ఒక ముసలమ్మ తడిసిన జుట్టుతో నిలబడి, చెవి వెనుక చేయి ఆనించింది. అంత దూరాన ఉన్నా ఆమె మాట పక్కనే కూర్చొని చెప్పినట్టు వినబడింది.

“నాకినబడ్నేదురా తవిటా. ఇటొచ్చి సెప్పు.”

ఉలిక్కిపడి లేచేసరికి పొద్దు వాలుతోంది. తవిటయ్య తప్పెటనూ గిడుగునూ నెత్తికెత్తుకొని గెడ్డలో దిగాడు. నీరు ఛాతీ దాకా వచ్చింది. ప్రాణం గుప్పిట్లో పెట్టుకొని అవతలి ఒడ్డు చేరి, చివరి గుడిసెకు పరుగెత్తాడు. అక్కడ పారమ్మ అనే ఆమె బాలింత కూతురి పక్కన కూర్చొని, పసిగుడ్డుకు తీరుబడిగా సాంబ్రాణి పొగ వేస్తున్నది. గండి సంగతి చెప్పి, చాటింపు వినలేదా అని అడిగాడు. ఆమె తెల్లబోయింది.

“మాకేటీ ఇనబడ్నేదన్నా.”

కలలో విన్న మాటే అది. తవిటయ్య బిడ్డను గిడుగు కింద ఎత్తుకొని, బాలింతను తల్లి భుజానికి ఆనించి, గుడిసె గుడిసెనూ లేపుకొంటూ అందరినీ మెట్ట ఎక్కించాడు. కాసేపటికి పల్లమంతా నీరైంది. గుడిసెలు పోయాయి, మనుషులు మిగిలారు.

నీరు తీశాక, కలలో ముసలమ్మ నిలిచిన చోటే ఈ మూర్తి బురదలోంచి పైకి తేలి కనిపించింది. తవిటయ్య ఆ పాదాల మీద పడి వెక్కివెక్కి ఏడ్చాడు. అమ్మ చేయి వింటున్నానని చెప్పడం లేదని, వినబడలేదని చెబుతున్నదని ఊరికి అప్పుడు బోధపడింది. ఇకమీదట ఏ చాటింపైనా గెడ్డవతలి చివరి ఇంటి దగ్గరే మొదలు కావాలని, ఆ ఇంటివారు విన్నామని బదులిచ్చాకే ముందుకు కదలాలని ఊరంతా ఒట్టు పెట్టుకున్నది.

నేడు గెడ్డకు వంతెన వచ్చింది, తప్పెట బదులు మైకు కట్టిన ఆటో వచ్చింది. జాతర కబురే కాదు, పోలియో చుక్కలైనా, కరెంటు కోతైనా, కంటి శిబిరమైనా ఆటో మొదట ఆ గుమ్మం ముందే ఆగుతుంది. ఈ తల్లిని కొలిచిన ఇంటికి ఏ కబురూ ఆలస్యంగా అందదని ఇక్కడివారి నమ్మకం.

క్రిందటేడు జాతరనాడు ఆ ఇంటికి తాళం ఉంది. ఇంటివారు కూలిపనులకు చెన్నై వెళ్ళారు. మేము విన్నాం కదా, చాలదా అన్నారు పక్కింటివారు. సర్పంచి అప్పలకొండమ్మ ససేమిరా అన్నది. చెన్నైకి ఫోను కలిపించి, మైకు దగ్గర పెట్టించి, మళ్ళీ చాటించింది. అటువైపు ఏదో మేడ కడుతున్న మోత, మాట తెలియడం లేదు. ఘటాలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు ఎండలో అలాగే నిలబడ్డారు, ఒక్కరూ విసుక్కోలేదు. కాసేపటికి అక్కడి మోత ఆగింది. “ఇనబడిందమ్మా” అని ఆ ఇంటి కోడలి గొంతు మైకులో ఊరంతా పలికింది. అప్పుడు ఘటాలు కదిలాయి.