తరళ గురువును ఎంచుకున్న కథ

పూర్వం, ఇంద్రుడు రెక్కలు తెగగొట్టిన పర్వతాలకు ఆ గాయాలు ఇంకా మానని కాలంలో, మణిశైలమనే నగరాన్ని శిలాధ్వజుడనే రాజు ధర్మం తప్పకుండా పాలించేవాడు. ఆ వంశానికీ వర్షాధిపతి, పాశహస్తుడు అయిన వరుణదేవుడికీ నడుమ ఒక వ్రతం ఉండేది. పన్నెండేళ్ళకొకసారి ఆషాఢ పౌర్ణమినాడు, ఆ వంశంలో పుట్టినవారు నీళ్ళ కలశాన్ని భుజానికెత్తుకొని, ఎక్కడా దింపకుండా కొండకున్న వెయ్యిన్నొక్క మెట్లెక్కి, శిఖరం మీది శిలావేదికను అభిషేకించాలి. కలశం నేలను తాకితే మరి పన్నెండేళ్ళు ఆ దేశంలో చినుకు రాలదు.

ఆ ఏడు రాజు యుద్ధంలో మోకాలు విరిగి మంచం పట్టాడు. ఉన్నది ఒక్కతే కూతురు, తరళ. పదహారేళ్ళది, పీలగా ఉంటుంది, సభలో తల ఎత్తదు. ఎవరేం చెప్పినా పైకి తల ఊపి, లోపల మాత్రం ఎందుకు చెప్పారా అని ఆలోచిస్తుంది. చిన్ననాడు మెట్ల మీద పడి ఆమె ఎడమ మడమ మెలిక తిరిగింది. ఆ సంగతి దాది మందరికకు తప్ప ఎవరికీ తెలియదు.

"తల్లీ, ఆరు నెలలు గడువుంది. నీ శరీరాన్ని సిద్ధం చేసే గురువును నువ్వే ఎంచుకో. మోసేది నీ భుజం కనుక ఎంపిక కూడా నీదే" అన్నాడు రాజు.

చాటింపు విని ఇద్దరు వచ్చారు.

మొదటివాడు ఉద్భటుడు. ఏనుగు కుంభస్థలం వంటి భుజాలతో, నూనె పూసిన నల్లరాయిలా మెరుస్తూ, మెడలో పూలదండలు ఊగుతుండగా వచ్చి, "రాజకుమారీ! నలభై రోజుల్లో నిన్ను సింహాన్ని చేస్తాను. అనుమానం అక్కరలేదు" అన్నాడు.

అనుమానం అక్కరలేదన్న మాట దగ్గరే తరళకు అనుమానం మొదలైంది.

రెండవవాడు వక్రబాహు మహర్షి. ముసలివాడు, కుడిచేయి ఎండిన కొమ్మలా వేలాడుతుంటే ఎడమచేత కర్ర పట్టుకొని వచ్చాడు. ఏ వాగ్దానమూ చెయ్యలేదు. "ఏం తింటావమ్మా? నిద్ర సరిగా పడుతుందా? ఏ పక్కకు తిరిగి పడుకుంటావు?" అని అడిగాడు.

మందరిక ముక్కున వేలేసుకుంది. "ఇదేం గురువే తల్లీ! పిల్లను చూడవచ్చిన మేనత్తలాగా ఇన్ని ఆరాలు దేనికట? ఏ శత్రురాజు పంపిన వేగువాడో ఏమో! పైగా ఆ చేత్తో రాయేం ఎత్తుతాడు, నా తలకాయ!"

ఆమె మాటలో నిజం లేకపోలేదు. శిష్యుడి చేత ఎత్తించే బరువును ముందు గురువు ఎత్తి చూపడం సాము చేసే మణిశైలపు గరిడీలో తరతరాల ఆచారం. వక్రబాహువు ఆ ఆచారానికి నిలవలేడు.

తరళ ఇద్దరినీ నమ్మలేదు. పక్షం రోజులు ఉదయం ఒకరి దగ్గర, సాయంత్రం మరొకరి దగ్గర సాధన చేస్తానని చెప్పింది. మడమ సంగతి మాత్రం దాచింది. దాన్ని కనిపెట్టినవాడే గురువని మనసులో అనుకుంది.

గరిడీ నేలను ఎర్రమట్టిలో మజ్జిగ, పసుపు కలిపి తడిపి ఉంచేవారు. ఉద్భటుడు ఆ మట్టిలో ఆమె భుజానికి రాయి ఎత్తి పరుగెత్తించేవాడు. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. ఆమెకు రాత్రిళ్ళు మడమ వాచేది. వక్రబాహువు మాత్రం ఊరికే నడిపించి, ఆమె వెనుక వంగి నేల చూసుకుంటూ వచ్చేవాడు. మూడవనాడు ఆగి, "ఎడమ మడమ మోపడం లేదేమమ్మా?" అన్నాడు.

తరళ చటుక్కున వెనక్కి తిరిగింది. "ఎవరు చెప్పారు?"

"ఈ మట్టి. ఎడమ అడుగులో మడమ గుర్తు చూడు, ఎంత తేలికగా పడిందో. పది రోజులు బరువు ముట్టకు. తరువాత సగం కుండ నీళ్ళతో మొదలుపెడదాం."

"సగమేనా స్వామీ?"

"సగం కుండలో నీళ్ళు అటూ ఇటూ ఊగి నిన్ను లాగుతాయి. ఆ లాగుడుకు అలవాటుపడిన కాలు మెట్ల మీద బెదరదు."

పరీక్ష నెగ్గాడు. అయినా ఆ రాత్రి తరళకు నిద్ర పట్టలేదు. నొప్పి ఎక్కడో తెలిసినవాడు మాన్పనూ గలడు, అక్కడే కొట్టనూ గలడు. ఈయన ఏది చేస్తాడో?

జవాబు మరునాడు ఉదయమే, మరొకరి వల్ల దొరికింది. ఒప్పుకున్న పక్షం తీరేదాకా ఉదయపు పరుగు తప్పదు. ఆ పరుగులో ఆమె తడబడగానే ఉద్భటుడి చూపు తిన్నగా ఎడమ మడమ మీద వాలింది. ఏమీ అడగలేదు. నవ్వి, "భళా!" అంటూ ఎడమ భుజం మీద ఇంకొక రాయి పెట్టాడు. అతడికీ తెలుసు! తెలిసే పెట్టాడు.

కాని సభలో ఈ మాట ఎవరు నమ్ముతారు? పక్షం గడిచిన నాడు రాజు పల్లకిలో గరిడీకి రాగా, ఉద్భటుడు తొడ చరిచి, "మహారాజా! గడ్డిపోచ ఎత్తలేని వాడు గురువా? ఆచారం అడుగుతున్నాను" అని, పదిమంది కదపలేని బండను రెండు చేతులా తల మీదికి ఎత్తాడు. జనం హోరెత్తారు. పెద్దలు తలలూపారు. రాజు కూతురి వైపు చూశాడు.

అందరూ బండను చూస్తున్నారు. తరళ మాత్రం సిగ్గుతో అలవాటుగా తల దించుకొని ఉంది కనుక, పక్షం రోజులుగా మహర్షి వెంట నేల చదవడం నేర్చింది కనుక, ఉద్భటుడి పాదాలను చూసింది. తడిమట్టి నలగలేదు. కాకి వాలిన గుర్తైనా లేదు.

ఆమె తల ఎత్తకుండానే అడిగింది. "అయ్యా, అంత బండ మోస్తున్నారు. నేల దిగలేదేం?"

"బరువును గాలిలో నిలిపే విద్య అది, బాలా!"

ఆమె ఖాళీ కుండ భుజాన పెట్టుకొని అతడి పక్కనే ఒక్క అడుగు వేసి, పాదం తీసింది. వేళ్ళతో సహా లోతుగా గుర్తు పడింది. "నాన్నగారూ, ఈ రెండూ చూడండి. ఖాళీ కుండ మోసిన నా అడుగు పడింది. అంత బండ మోసిన వీరి అడుగు పడలేదు. ఆ బండలో బరువు లేదు, ఈయనకు దేహం లేదు."

మాయ బయటపడగానే బండ ఎండునురుగై రాలిపోయింది. దాని కింద, మేఘాల తడిని తాగి బతికే శోషకుడనే రాక్షసుడు పెదవులు పగిలిన నోటితో నిలబడి ఉన్నాడు. కలశం పడితే పన్నెండేళ్ళ విందు తనకేనని వచ్చినవాడు. రాజు విల్లందుకునే లోపే సుడిగాలి దుమ్ములో కలిసి పారిపోయాడు.

మందరిక మహర్షి కాళ్ళ మీద పడింది. "వేగువాడన్నాను సామీ, నా నోరు పడిపోను!"

"నన్ను అనుమానించడం మంచిదే తల్లీ. ఆ నోటితోనే వాణ్ణి కూడా నాలుగు అనవలసింది" అన్నాడు ఆయన నవ్వుతూ.

ఆషాఢ పౌర్ణమినాడు తరళ కలశమెత్తింది. ఏడువందలవ మెట్టు మీద మడమ కలుక్కుమంది; నీళ్ళు ఊగి ఆమెను లోయవైపు లాగాయి. ఆమె బెదరలేదు. సగం కుండతో నేర్చినట్టే ఆ ఊపుతో పాటు ఒరిగి, కుడికాలి మీద నిలిచి, మూడు ఊపిరులు తీసి, మళ్ళీ అడుగు వేసింది. శిఖరాన వేదిక మీద నీళ్ళు పడగానే నల్లమబ్బులు చీల్చుకొని మకరవాహనుడైన వరుణదేవుడు ప్రత్యక్షమయ్యాడు.

"కుమారీ! సంతోషించాను. నిన్ను నిద్రపోనివ్వని ఆ అనుమానాన్ని నీ మనసులోంచి తీసివేయమంటావా?"

తరళ చేతులు జోడించింది. "వద్దు దేవా, ఉండనివ్వండి. అది తీరేదాకా చూసే ఓపిక మాత్రం ఇవ్వండి."

"తథాస్తు" అన్నాడు వరుణుడు. వెంటనే వాన మొదలైంది.

తడుస్తూ దిగి వచ్చిన తరళకు కొండ కింద వక్రబాహువు ఎదురు వచ్చాడు. ఆమె నమస్కరించడానికి వంగి, ఇంత చేసినవాడు మారువేషంలో వచ్చిన ఏ దేవుడో అనిపించి, ముందు ఆయన వెనుక ఉన్న బురదను చూసింది. రెండు పాదాలు, పక్కన కర్ర గుచ్చిన గుంట. లోతైన మనిషి అడుగులు. అప్పుడు మాత్రమే నిశ్చింతగా ఆయన పాదాలకు మొక్కింది.

మణిశైలంలో ఆనాటి నుంచి పన్నెండేళ్ళూ వానలు తప్పలేదు. ఈ కథ విని గురువును వెతికే వారికి, నొప్పి చూసి బరువు దించే గురువు దొరుకుగాక!